పేరా కింద నాలుగు ప్రశ్నలు

నేను బడికి పోయింది ఒక్క ఏడాదే. ఆరేళ్ళ వయసులో నాకు మూర్ఛలు వచ్చేవి. తరగతిలో రెండుసార్లు పడిపోయాక, ఈ పిల్ల బాధ్యత మా వల్ల కాదని పంతులు బాపుకు కబురు చేశాడు. పన్నెండో ఏడు దాటాక ఆ మూర్ఛలు వాటంతట అవే పోయాయి, దేవుడి దయ. అప్పటికి నా ఈడు పిల్లలు నాకు అందనంత ముందుకు పోయారు. చిన్న పిల్లల మధ్య కూర్చోవడానికి నాకు సిగ్గు, కూర్చోబెట్టడానికి అమ్మకు భయం. అలా నా చదువంతా ఇంట్లోనే జరిగింది. ఇంట్లో అంటే దుకాణంలో.

జనగామలో మాది కిరాణా దుకాణం. అప్పట్లో పప్పు, చక్కెర, జీలకర్ర అన్నీ కాగితపు పొట్లాల్లోనే కట్టేవాళ్ళం. ఆ కాగితం కోసం బాపు పాత పుస్తకాలు తూకానికి కొనేవాడు. ఎండాకాలం సెలవులు మొదలవగానే పరీక్షలు అయిపోయిన పిల్లల పుస్తకాలు గోనెసంచుల్లో వచ్చి పడేవి. వాటిలో ఇంగ్లీషు గైడు కనిపిస్తే బాపు దాన్ని పక్కకు తీసి గల్లా కింద దాచేవాడు. ఆయన చదివింది పదో తరగతే. కానీ ఇంగ్లీషు కాగితం చేతికి వస్తే కళ్ళకద్దుకునేంత పని చేసేవాడు.

మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక గల్లా పక్కన పీట వేసి నన్ను కూర్చోబెట్టేవాడు. ఆ గైడ్లలో నాకు వ్యాసాలకన్నా, ఉత్తరాలకన్నా చిన్న చిన్న పేరాలే ఇష్టం. ఒకాయన గొడుగు మరిచిపోవడం, ఒక అవ్వ పెరట్లో కూరగాయలు పెంచడం, ఒక పిల్ల మొదటిసారి బస్సు ఎక్కడం. పది పన్నెండు వాక్యాల్లో ఒక ఇంటి సంగతి ఉండేది. దాని కింద నాలుగు ప్రశ్నలు. ఒక్కోసారి పేరా ఉన్న పేజీ మా దగ్గర ఉండి, ప్రశ్నలున్న పేజీ అప్పటికే ఎవరి ఇంటికో శనగపప్పు పొట్లమై పోయి ఉండేది. అప్పుడు ప్రశ్నలు బాపే అడిగేవాడు.

ఒకరోజు రైల్వే స్టేషను మీద పేరా వచ్చింది. బండి ఎన్ని గంటలకు వచ్చిందని ప్రశ్న. మా దుకాణం స్టేషనుకు పోయే తొవ్వలోనే ఉండేది. బండ్ల సంగతి నాకు తెలియనిదేముంది? బండి ఆలస్యంగా వచ్చిందని రాశాను. బాపు ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టాడు. బండి ఎప్పుడూ ఆలస్యమే కదా అని నేను ఏడుపు మొదలుపెట్టాను.

"నాకూ ఎర్కనే బిడ్డా, రోజు ఆలస్యంగనే వస్తది" అన్నాడు. "గని గీ కాగితంల టైముకే వచ్చింది. కాగితం ఏం జెప్తున్నదో ఇనాలె. తెల్సింది కాదు, చదివింది రాయి."

దుకాణంలో గిరాకీ మాట్లాడుతుంటే మధ్యలో అందుకుని, వాళ్ళకు కావాల్సింది ఇదేనని మనమే అనుకుని పొట్లం కట్టేస్తే ఎట్లా ఉంటుందో ఇదీ అట్లాగే అని కూడా చెప్పాడు. ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినాలి, ఆ తర్వాతే చెయ్యి కదపాలి. ఇంతకన్నా మంచి చదువు నాకు ఎవరూ చెప్పలేదు. దీన్ని తెలిసి తెలిసి పక్కన పెట్టిన రోజులు నా జీవితంలో ఉన్నాయి. వాటి గురించే ఇది రాస్తున్నాను.

నన్ను ఘనపూర్‌కు ఇచ్చారు. ఘనపూర్ అనగానే జనగామలో అందరూ పక్కనే ఉన్న స్టేషన్ ఘనపూర్ అనుకుని సంతోషపడ్డారు. ఇది భూపాలపల్లి వైపు ఉండే ఘనపూర్. మా అత్తగారిదీ కిరాణా దుకాణమే కాబట్టి నాకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఎక్కువ లేకపోయింది. మాకు ఒక్కతే బిడ్డ. దాన్ని బడికి పంపినా, ఇంగ్లీషు మాత్రం బాపు పద్ధతిలో నేనే చెప్పాను. రోజుకొక పేరా, కింద నాలుగు ప్రశ్నలు, చేతిలో ఎర్ర పెన్ను. అది ఏడ్చినా వదిలేదాన్ని కాదు. ఇప్పుడది మహబూబాబాద్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఈ మేలుకు నేను రోజూ దండం పెట్టుకుంటాను.

బిడ్డ ఉద్యోగానికి పోయిన తర్వాత ఏడాది మా వాడకట్టు అంగన్‌వాడీ ఆయా నా దగ్గరికి వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. తొమ్మిదో తరగతి మధ్యలో వాళ్ళ నాయిన చనిపోతే బడి మానేసి కూలికి పోయింది. ఆ తర్వాత పెళ్ళి, ఇద్దరు పిల్లలు, పదకొండేళ్ళుగా ఆయా పని. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగు చేసుకుని రావడం, ఊడవడం, వండడం, తినిపించడం, ముక్కులు తుడవడం. రిజిస్టర్లు, హాజరు, మీటింగులు టీచరమ్మ పని. ఆ టీచరమ్మ ఇంకో ఏడాదికి దిగిపోబోతోంది. పదో తరగతి పాసైన ఆయా ఉంటే ముందు ఆమె పేరే చూస్తారని ఆఫీసులో ఎవరో చెప్పారట. అందుకే ప్రైవేటుగా పదో తరగతికి కట్టింది.

మిగతావన్నీ ఎట్లాగో గట్టెక్కుతాననీ, ఇంగ్లీషు చూస్తేనే పరేషాన్ అవుతుందనీ చెప్పింది. నేను పేరా కింద ప్రశ్నలకు జవాబులు రాయడం నేర్పితే చాలంది. ఆ పేపర్లో సగం మార్కులు వాటికేనని ఆమెకు ఎవరో చెప్పారు. ఎందుకింత పట్టుదల అని అడిగాను. జీతం సంగతి చెబుతుందనుకున్నాను.

"పదకొండేండ్ల సంది గా కుర్చీ తుడుస్తున్న అక్కా" అంది. "ఒక్కపారన్న గండ్ల కూసొని పిల్లల హాజరు పిలువాలని ఉన్నది."

మధ్యాహ్నం అంగన్‌వాడీ సెంటరు మూసేశాక వచ్చేది. ఇంటి వెనక వరండాలో నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూనో, చింతపండు గింజలు తీస్తూనో కూర్చుంటే, ఆమె పక్కన చాప మీద కూర్చుని చదివేది. మా ఆయన దుకాణంలోంచి నీళ్ళకోసం వచ్చి, "ఏందమ్మా, రేపు కలెక్టరమ్మ నువ్వేనా, మాకు జర యాదుంచుకో" అనేవాడు. "నీ దుకాణం మీదకే ముందుగాల తనిఖీకి వస్త బావా" అని ఆమె తల ఎత్తకుండానే జవాబిచ్చేది.

మొదట గైడులోని పేరాలే చదివించాను. మంచు పడే ఊళ్ళు, సముద్రం ఒడ్డున దీపం కాపలా కాసే ముసలాయన. ఆమెకు ఒక్క అక్షరం మీద మనసు నిలిచేది కాదు. ఒక్కో మాటకు అర్థం చెప్పేసరికి పొద్దు గూకేది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పేరాలు నేనే రాస్తే ఏం? ఆమెకు తెలిసిన సంగతులతోనే రాస్తే, భయం పోతుంది కదా. దేవుడే ఈ దారి చూపాడనుకుని దీపం దగ్గర దండం పెట్టుకుని మొదలుపెట్టాను.

సెంటరు మీద రాశాను. కాటారం పోయే బస్సు మీద రాశాను. మిరప తోటకు కూలికి పోయే ఆడవాళ్ళ మీద, గుడ్లు పగిలిపోయిన రోజు మీద, వాన పడి పొయ్యి అంటుకోని రోజు మీద రాశాను. అన్నీ తేలిక ఇంగ్లీషు మాటలు. ఆ పేరాలు చూసి ఆమె ముఖం విచ్చుకుంది. "గిది మన ముచ్చటే గదా అక్కా, ఇంగ్లీషుల గిట్ల రాయొచ్చా" అని ఆశ్చర్యపోయింది. తన వంట, తన పిల్లలు, తన తొవ్వ ఇంగ్లీషులో ఉండొచ్చని ఆమెకు అంతవరకు తెలియదు. నెల తిరిగేలోగా తడుముకోకుండా చదవడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నాలు నాకు ఎంత తీపో చెప్పలేను. బిడ్డ ఉద్యోగానికి పోయాక బోసిపోయిన వరండా మళ్ళీ నిండినట్టు అనిపించేది.

తప్పు ఎక్కడ మొదలైందో నాకు గుర్తుంది. సెంటరు మీద ఒక పేరా రాశాను. అందులో ఒక పిల్లవాడు ఏడుస్తుంటాడు, వాడి చెప్పు ఒకటి పోయింది. పిల్లవాడు ఎందుకు ఏడుస్తున్నాడని ప్రశ్న. ఆమె రాసిన జవాబు ఇది: వాళ్ళమ్మ వాణ్ణి వదిలిపెట్టి మిరపకాయ ఏరడానికి పోయింది కాబట్టి ఏడుస్తున్నాడు.

సెంటరులో అలాంటి పిల్లవాడు నిజంగానే ఒకడున్నాడు, వాణ్ణి నేనూ ఎరుగుదును. రోజూ మా దుకాణం ముందు నుంచే ఆమె వాణ్ణి ఎత్తుకుని పోయేది. వాడు అమ్మ కోసమే ఏడ్చేవాడు. ఆమె ఇంగ్లీషు వాక్యం కూడా బాగానే కుదిరింది. నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ఆమె కళ్ళు నా పెన్ను మీదే ఉన్నాయి. బాపు మాట నాకు గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. కానీ నిజమైన మాట మీద ఇంటూ కొట్టడం పాపమనిపించింది. రైటు కొట్టాను.

ఆ తర్వాత అదే అలవాటైంది. బస్సు పేరాలో బస్సు వాన వల్ల ఆలస్యమైందని రాస్తే, ఆమె బొగ్గు లారీలు అడ్డం రావడం వల్ల ఆలస్యమైందని రాసింది. మా వైపు బొగ్గు లారీల సంగతి ఎవరికి తెలియదు? నవ్వి రైటు కొట్టాను. గుడ్లు ఎట్లా పగిలాయని అడిగితే, పేరాలో పిల్లి దూకిందని ఉంటే, అట్టలు సరిగ్గా పేర్చకపోతే పగులుతాయని రాసింది. అదీ నిజమే. ఆమె పేరా మొదటి రెండు వరుసలు చదివి, ఇది ఏ సంగతో పట్టేసుకుని, నేరుగా ప్రశ్నలకు పోయేది. నేను చూస్తూనే ఉన్నాను. ఎంత చురుకు అని మెచ్చుకున్నాను కూడా. బాపుకన్నా నా మనసు మెత్తనని లోలోపల కొంచెం గర్వపడ్డాను. ఆ మెత్తదనం ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ దండమే నన్ను ఎక్కువ కోస్తుంది.

ఒక సెలవు రోజు మా బిడ్డ మహబూబాబాద్ నుంచి వచ్చింది. వరండాలో ఉన్న నోట్‌బుక్ తీసి తిరగేసింది.

"అమ్మా, గీ జవాబు పేరాల లేదు గదా. రైటెందుకు కొట్టినవ్?"

"రాసింది నిజమే కదనే" అన్నాను.

"నీకు గా పిల్లగాడు ఎర్క. పేపర్ దిద్దేటోళ్ళకు ఎర్కనా?"

నేను విసుక్కున్నాను. ఆమెది పొద్దుటి నుంచి ఒళ్ళు విరిగే పని, నీలాగా ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఉత్సాహంగా ఉన్నప్పుడు తుంచకూడదు అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. పరీక్ష దగ్గర పడ్డాక సరిచేస్తానని కూడా అన్నాను. బిడ్డ నా వైపు చూసి, "నన్నైతే గిట్ల ఇడిసిపెట్టలే" అని నవ్వి ఊరుకుంది. పరీక్ష దగ్గర పడింది. ఇప్పుడు ఇంటూలు మొదలుపెడితే ఆమె బెదిరిపోతుందని ఇంకో సాకు దొరికింది.

పరీక్ష భూపాలపల్లిలో. తోడు రమ్మంటే పోయాను. బస్సులో ఆమె ఏదో గొణుగుతుంటే మంత్రమేమో అనుకున్నాను, వినిపించేసరికి ఇంగ్లీషు మాటలు. గేటు దగ్గర నా కాళ్ళకు దండం పెట్టబోతే వద్దని పట్టుకున్నాను. లోపలికి పోయింది. నేను ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకుంటూ ఉన్నాను.

అందరికన్నా ముందు బయటికి వచ్చింది ఆమే. రోడ్డు దాటుతూనే నవ్వుతోంది.

"అక్కా, మన ముచ్చటే వచ్చింది" అంది. "అంగడికి పొయ్యే ముసలవ్వ ముచ్చట. జాంపండ్ల గంప నెత్తిన పెట్టుకొని పోతది. వచ్చేటప్పుడు గంప ఎందుకు ఖాళీగ ఉన్నదని అడిగిండ్రు. మారుబేరపోడు పొద్దుగాలనే వచ్చి అగ్గువకు గంపగుత్తగ తీస్కపోతడు గదా, గదే రాసిన. ముసలవ్వ నవ్వుకుంట ఎందుకు పోయిందంటే, జల్ది అమ్ముడుపోయింది, జల్ది ఇంటికి పోతదని రాసిన. మస్తు రాసినక్కా."

ప్రశ్నపత్రం నా చేతిలో పెట్టింది. నేను అక్కడే, బెంచీ మీదే చదివాను. ముసలవ్వ అంగడిదాకా పోనే లేదు. తొవ్వలో ఒక బడి ముందు కూర్చుంది. పిల్లలు ఆకలిగా ఉన్నారని పండ్లన్నీ వాళ్ళకు పంచిపెట్టింది. అందుకే గంప ఖాళీ. అందుకే నవ్వు. మొత్తం పన్నెండు వరుసలు, అందులో ఒక్కటీ ఆమెకు రాని మాట లేదు. చదివితే చాలు, అర్థమయ్యేది.

మధ్యలో పిల్లల గురించి ఉంది, చూశావా అని అడిగాను.

"బడి పిల్లల ముచ్చటేదో ఉండె. గది సదువలే అక్కా. మనకు ఎర్క ఉన్న ముచ్చట్నే, టైం ఎందుకు పాడు చేసుకునుడని."

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. కాగితం మడిచి ఆమె సంచిలో పెట్టి, మంచిగ రాసినవ్ చెల్లె అన్నాను. ఆ సంతోషంలో ఆమె నాకు టీ ఇప్పించింది, బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది. ఘనపూర్ వచ్చేదాకా, టీచరు అయ్యాక పిల్లలకు ఏ పాటలు నేర్పుతుందో, గోడలకు ఏ బొమ్మలు అంటిస్తుందో చెబుతూనే ఉంది. నేను ఊ కొడుతూ కూర్చున్నాను.

ఫలితాలు వచ్చాయి. అన్నీ పాసు, ఇంగ్లీషు ఒక్కటి పోయింది. మళ్ళీ రాయడానికి ఆర్నెల్లు ఆగాలి. టీచరమ్మ అంతలోనే దిగిపోయింది. ఆ కుర్చీ ఆర్నెల్లు ఆగలేదు. పక్క మండలం నుంచి ఇరవై ఆరేళ్ళ అమ్మాయిని వేశారు. మంచి పిల్లే, ఆమె మీద నాకేమీ లేదు. ఆయా ఆమెను మేడం అని పిలవడం వాళ్ళు మా దుకాణం ముందు నుంచి పోతున్నప్పుడు విన్నాను.

ఒక వారం తర్వాత ఆమె మా ఇంటికి వచ్చింది. చేతిలో నోట్‌బుక్, ఇంకో చేతిలో చేలోంచి తెచ్చిన గంగవాయిలి కూర. చాప మీద కూర్చోలేదు, గడప దగ్గరే నిలబడింది. ఏడుస్తుందేమో, నేనేం చెప్పాలి అని భయపడుతున్నాను. ఆమె ఏడవలేదు.

"నా రాతనే గంత, నువ్వేం జేస్తవక్కా" అంది. "ఎండనక వాననక ఏడాది చెప్పినవ్. సొంత అక్క గూడ గింత చెయ్యది. నీకు పుణ్యముంటది."

ఆమె తిట్టి ఉంటే నేను నోరు విప్పేదాన్ని కాదేమో. ఆ కూరకట్ట నా చేతిలో పెట్టి పుణ్యముంటదని అనేసరికి తట్టుకోలేకపోయాను. కూర్చోమన్నాను. నువ్వు రాసిన జవాబుల్లో సగం తప్పులని నాకు తెలుసు, పేరాలో ఉన్నది రాయకుండా నీకు తెలిసింది రాస్తున్నావని మొదటి నెలలోనే తెలుసు, అయినా రైటు కొట్టాను అని చెప్పాను. చెబుతున్నంతసేపూ నేలవైపు చూశాను.

ఆమె కూర్చోలేదు.

"తెల్సే కొట్టినవా?"

అవునన్నాను.

"ఎందుకు?"

"నీ మనసు నొచ్చుకుంటదని."

ఆమె చేతిలోని నోట్‌బుక్ తెరిచింది. అది మా బిడ్డ సగం రాసి వదిలేసిన పాత నోట్‌బుక్. కొత్తది కొనుక్కుంటానంటే, ఇన్ని తెల్లకాగితాలు పాడవుతాయి, ఇందులోనే రాసుకో అని నేనే ఇచ్చాను. ముందు సగం మా బిడ్డ రాత. ప్రతి పేజీ నిండా ఎర్ర ఇంటూలు, పక్కన నా చేతిరాతతో మళ్ళీ చదువు, మళ్ళీ చదువు అని. వెనక సగం ఆమెది. అన్నీ రైట్లే. ఏడాదిపాటు ఆ రెండు సగాలూ ఒకే అట్టలో నా చేతుల మీదుగా పోయాయి. నేను పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆమె చూసింది.

"నేను గిన్ని దినాలు ఏమనుకున్ననంటే, నీ బిడ్డకంటె నాకే మంచిగ వస్తున్నదని" అంది. నవ్వబోయి ఆగిపోయింది. "నీ బిడ్డ మనసు నొయ్యలేదా అక్కా? నీ బిడ్డ పాసు గావాలె. నేను వచ్చి కూసుంటే సాలు నీకు."

అంతే. గొంతు పెంచలేదు. నోట్‌బుక్ మూసి చంకలో పెట్టుకుంది. గిది నేను తీస్కపోత అంది. పోయింది.

ఆమె మాట తప్పని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆమె మీద నాకు ప్రేమ లేదా? ఉంది. ఆమె బాగుపడాలని దండం పెట్టుకోలేదా? పెట్టుకున్నాను. కానీ ఒకరోజు పూజ దగ్గర కూర్చుని నిజాయితీగా వెతుక్కున్నాను. ఆ ఏడాదిలో ఒక్కసారైనా ఆమెను ఆ కుర్చీలో ఊహించుకున్నానా? మా బిడ్డను ఆఫీసులో, ఫైళ్ళ మధ్య, అది పదో తరగతిలో ఉన్నప్పుడే ఊహించుకున్నాను. ఆమెను మాత్రం ఎప్పుడూ మా వరండాలోనే చూశాను. పాసవుతుందని నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి దయ అని పేరు పెట్టుకున్నాను. ఇంటి పనికి వచ్చే మనిషికి పాత చీర ఇచ్చినంత తేలికగా ఆమెకు రైట్లు ఇచ్చాను. నేర్పడానికి దేవుడు నాకు ఒక మనిషిని పంపితే, నేను ఆమెను నా పొద్దు పోవడానికి వాడుకున్నాను. ఇంతకన్నా మెత్తగా రాయడానికి ప్రయత్నించాను, కుదరలేదు.

ఆమె మళ్ళీ మా వరండాకు రాలేదు. దుకాణానికి వచ్చేది, మా ఆయనతో ఎప్పటిలాగే పరాచికాలాడేది, లోపలికి తొంగిచూసి బాగున్నవా అక్కా అనేది. కోపం చూపించలేదు. చూపించి ఉంటే నాకు కొంత సులువయ్యేది.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు మా ఆయన భోజనానికి వచ్చి, ఆయా ఇంగ్లీషు కూడా పాసైందట, చక్కెర, యాలకులు తీసుకుపోయింది, పిల్లలకు పాయసం వండుతుందట అని చెప్పాడు. తినే ముద్ద అక్కడే పెట్టి దేవుడికి చేతులెత్తాను. సాయంత్రంలోగా పోయి పలకరించాలనిపించింది, ఒకటికి నాలుగు రోజులు వెనకాడి, చివరికి పోయాను.

సెంటరులో కొత్త టీచరు లేదు, మండలం మీటింగుకు పోయిందట. పిల్లలు పడుకుని ఉన్నారు. ఆమె గిన్నెలు తోముతోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంటూ వచ్చి స్టూలు వేసింది. పాసైనవట కదా చెల్లె, చాలా సంతోషమైంది అన్నాను.

"అయిందక్కా" అంది.

ఈసారి ఇంగ్లీషు ఎవరు నేర్పారని అడిగాను. హైస్కూలు ఇంగ్లీషు సారు, బడి వదిలాక ఒక గంట కూర్చోబెట్టేవాడట. మొదటి రోజే మన నోట్‌బుక్ ఆయన ముందు పెట్టిందట. వెనక సగంలో ఉన్నవన్నీ మొదటి నుంచి మళ్ళీ రాయించాడట. నేను రాసిన పేరాలే, ప్రశ్నలే. బస్సు ఎందుకు ఆలస్యమైంది, గుడ్లు ఎట్లా పగిలాయి, పిల్లవాడు ఎందుకు ఏడ్చాడు. ప్రతి జవాబు కింద, పేరాలో ఆ మాట ఉన్న వరుసకు గీత గీయించాడట.

"మస్తు తిడుతడక్కా గా సారు" అంది. "మొద్దుదానా, కండ్లు ఎక్కడ పెట్టినవ్ అంటడు. ఒకనాడైతే పుస్తకం ఇసిరి కొట్టిండు." చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో ఎంత వెలుగో. తిట్లు తిన్న మనిషిలా లేదు, ఏదో బహుమానం గురించి చెబుతున్నట్టు ఉంది.

నేను తల ఊపాను. మంచినీళ్ళిచ్చింది, తాగాను. లోపల ఒక పిల్ల లేచి ఏడుపు అందుకుంటే, ఉండక్కా అని లేచిపోయింది. కాసేపు చూసి నేను వచ్చేశాను.

ఆ సారును నేను ఎరుగను. ఆయన పేరు మీద రోజూ ఒక దండం పెడతాను. ఇక్కడి కుర్చీలో ఉన్న అమ్మాయి చిన్నది, ముప్పై ఏళ్ళు ఎక్కడికీ కదలదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కడైనా జాగ ఖాళీ అయితే తనను వేయమని ఆయా ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుంది. ఇంతవరకు ఎక్కడా ఖాళీ కాలేదు.